ప్రథమ శునకం సమ్మతి

ఒక జాతి నాగరికతను దాని శిల్పాన్ని బట్టి, సంగీతాన్ని బట్టి అంచనా వేయడం పండితుల అలవాటు. నన్నడిగితే ఆ జాతి తన అపార్టుమెంట్లకు రాసుకున్న నిబంధనావళిని చూస్తే చాలునంటాను. ఈ అభిప్రాయంలో స్వార్థం లేకపోలేదు. విశాఖపట్నం శివార్లలో, సముద్రం కనిపిస్తుందన్న హామీ మీద అమ్ముడుపోయిన మా కౌస్తుభ ఎన్‌క్లేవ్‌కు నిబంధనావళి రచించినవాణ్ణి నేనే. సముద్రం కనిపించే మాట నిజం. నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కాలి. ఎక్కడం నిబంధనలకు విరుద్ధం. ఆ నిబంధన కూడా నాదే.

ఉద్యోగ జీవితమంతా తర్కశాస్త్రం బోధించి, ఆ శాస్త్రం చదివే విద్యార్థి ఇక దొరకడని తేలిన సంవత్సరం పదవీ విరమణ చేశాను. అటువంటివాడి ఇంటికి ఒక సంఘం నడిచి వచ్చి, పకడ్బందీగా రూల్సు రాసిపెట్టమని అడగడమంటే, అడవికి వెళ్లిన రాజును వెనక్కి పిలిచి మళ్లీ పట్టం కట్టడమే. లిఫ్టులో ముందు ఎవరు ఎక్కాలన్నది మొదలుకొని, బాల్కనీలో ఆరేసిన లుంగీ కింది ఫ్లాటు వైపు ఎంతవరకు వేలాడవచ్చునన్నదాకా అన్నింటినీ అధ్యాయాలుగా విభజించి, ఉపోద్ఘాతం జతపరచి సమర్పించాను. వాటిలో తలమానికం శునకాధ్యాయం.

ఆ అధ్యాయం పుట్టుకకు కారణం సి బ్లాకులో ఒకే ఇంట్లో ఉన్న రెండు కుక్కలు. అవి పోట్లాడుకునేవి. వాటిని చూసి ఇంటివారు, వారిని చూసి ఇరుగుపొరుగువారు పోట్లాడుకునేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా సంఘాధ్యక్షులు గుణాకరరావుగారు ఏదో సదస్సుకు వెళ్లి, ఏ నిర్ణయమైనా దానివల్ల ప్రభావితమయ్యేవారి సమ్మతితోనే జరగాలన్న సిద్ధాంతాన్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు. ప్రాంగణమంతటికీ అది జలుబులాగా అంటుకుంది. మెట్లకు రంగు వేయాలన్నా, ఎప్పుడూ లిఫ్టులో తప్ప రానివారి అభిప్రాయం కూడా సేకరించేవాళ్లం. ఆ ఊపులోనే నా కలం నుంచి ఈ వాక్యం వెలువడింది:

“ఒక గృహమున శునకముండగా రెండవ శునకమును ప్రవేశపెట్టదలచినచో, ప్రథమ శునకము యొక్క స్వేచ్ఛాపూర్వకమును, సంపూర్ణావగాహనాయుతమును అగు సమ్మతిని కార్యవర్గము ఎదుట నిరూపింపవలెను.”

సర్వసభ్య సమావేశంలో చదివితే చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. నేనా వాక్యం నవ్వుతూ రాశానో, నమ్మి రాశానో ఇప్పుడు నిర్ధారించలేను. ఇంటికి వచ్చి నా భార్య హైమవతికి కూడా రాగయుక్తంగా వినిపించాను. ఆవిడ బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. అంతా విని, కుక్క ఎట్లా నిరూపిస్తుందండీ అని అడిగింది. శాసనకర్త పని శాసించడం వరకేనని, అమలు బాధ కార్యనిర్వాహకులదని బోధపరిచాను. నిజానికి ఆ నిమిషంలో నా ధ్యాస అంతా శాలువా మీద ఉంది. అది ఉన్నిది కాదు.

మా ఇంట్లో అప్పటికే ఒక కుక్క ఉంది. వర్ణం నలుపు, దేహం స్థూలం, దృష్టి ఉదాసీనం. పక్కింట్లో సిలిండరు పేలినా రెండో వైపు తిరిగి పడుకోగల ఆ వైరాగ్యాన్ని చూసి, మిథిలను ఏలిన రాజర్షి పేరున జనకుడని నామకరణం చేశాను. హైమవతి జానీ అంటుంది. వాడు రెంటికీ పలకడు.

ఈ జీవన్ముక్తుడి విషయంలో ఒకనాడు అద్భుతం జరిగింది. మా గేటు పక్కన ఇస్త్రీబండి కిందికి ఎక్కడినుంచో ఒక ఆడకుక్క వచ్చి చేరింది. ముదురు బెల్లం రంగు. ఒక చెవి నిటారుగా నిలుచుంటే రెండోది సగానికి మడతపడి ఉండేది. దాన్ని చూసిన క్షణాన జనకుడు పరుగెత్తాడు. వాడికి పరుగెత్తడం వచ్చునన్న సంగతి మాకెవరికీ తెలియదు. బహుశా వాడికీ తెలియదు. అప్పటినుంచి పొద్దున్నే గొలుసు తీసుకొచ్చి నా పాదాల మీద పడేసి, వేదాంతం పూర్తిగా వదిలిపెట్టి, తోక ఊపడం మొదలుపెట్టాడు. హైమవతి ఆ కుక్కకు బెల్లమని పేరు పెట్టేసింది. పేరు పెట్టడమంటే సగం ఇంటికి తెచ్చుకోవడమేనని నాకు వెంటనే అర్థమైంది.

దాన్ని తెచ్చేసుకుందామండీ అని ఆవిడ కాఫీ ఇస్తూ అన్నది. నేను పూర్వపక్షం ఎత్తుకున్నాను. రెండో కుక్క వస్తే మొదటి కుక్కకు తోడు; కాని తోడు దొరికిన కుక్కకు మనిషి అక్కర ఉండదు. రెండుంటే ఇల్లు కళకళలాడుతుంది. సోఫాలు మాత్రం కళ తప్పుతాయి. మనకు వయసు మీద పడుతోంది గనుక కుక్క కావాలి. ఆ కారణం చేతనే కుక్క వద్దు. ఇట్లా కాఫీ చల్లారేదాకా ఇరుపక్షాలనూ సమానమైన శ్రద్ధతో మేపి, ఏదీ రెండోదాన్ని ఓడించకుండా చూశాను. తర్కశాస్త్రం వల్ల నాకు కలిగిన ప్రయోజనం ఇదొక్కటే. ఎవరు ఏమడిగినా రెండు వైపులా వాదించి, నడుమ ఖాళీలో కుర్చీ వేసుకుని కూర్చోగలను.

ఆ కుర్చీ ఎక్కువ కాలం నిలవలేదు. నగరంలో ఎవరో ‘ఆదర్శ హరిత ప్రాంగణం’ అనే బహుమతి ప్రకటించారు. తనిఖీ బృందం ఆదివారం వస్తుందనగా, యజమాని లేని జంతువేదీ గేటు పరిసరాల్లో కనిపించరాదని కార్యవర్గం తీర్మానించింది. ఎవరో కాంట్రాక్టరు బండి పంపుతానన్నాడు. ఆ బండి ఎక్కిన కుక్కలు ఎక్కడ దిగుతాయో సమావేశంలో ఎవరూ అడగలేదు. అడిగితే ఎక్కడ జవాబు వస్తుందోనని భయం. వాచ్‌మన్ సింహాచలం మాత్రం హైమవతితో చెప్పేశాడు. “అమ్మగారూ, ఆదివారం తెల్లారగట్లే బండొచ్చేత్తాదంట. ఇంటి కుక్కయితే ముట్టుకోరంట. మీరేదో ఒకటి తేల్చీండి.”

ఆవిడ పైకి వచ్చి నా ఎదుట నిలబడింది. “అవునో కాదో ఒక్క మాట చెప్పండి. మధ్యలోది ఏదీ చెప్పొద్దు.”

మధ్యలోది చెప్పవద్దంటే నేను నిరాయుధుణ్ణి. అయినా తడబడకుండా, నాదేముంది హైమా, మన నిబంధన ప్రకారం కార్యవర్గం నిర్ణయించాలి, దరఖాస్తు పెడదామన్నాను. లోపలి ఆలోచన వేరు. కార్యవర్గానికి వెళ్లిన ఏ కాగితమూ తిరిగి రాదని అనుభవం. నేను కాదనలేదన్న పేరు దక్కుతుంది, అవుననవలసిన అవసరం తప్పుతుంది. హైమవతి నావైపు చూసిన చూపు నేనెరుగుదును. ఎవరిదో ఇల్లు హామీగా చూపించి అప్పు అడగడానికి వచ్చినవాళ్లను ఆవిడ తన క్యాబిన్‌లో అట్లా చూసేది.

నేను వేసుకున్న లెక్కలో పొరపాటు ఒక్కటే. ఆ నిబంధన అమల్లోకి వచ్చాక దాని గడప తొక్కినవారే లేరు. కార్యవర్గం మంటలెరుగని ఫైరింజనులా ఎదురుచూస్తోంది. మా దరఖాస్తు చేరిన సాయంత్రమే కమ్యూనిటీ హాలులో బహిరంగ విచారణకు నోటీసు అంటించారు.

విచారణకు గుణాకరరావుగారు అధ్యక్షత వహించారు. నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసిన ఆయన ఏ విషయాన్నైనా కాలువలాగా నిదానంగా, పిల్లకాలువలతో సహా పారిస్తారు. “సదరు ప్రథమ శునకం యొక్క మనోగతాన్ని క్షేత్రస్థాయిలో పరిశీలించి, తదనుగుణంగా తదుపరి చర్యలు చేపట్టే నిమిత్తం ఈ సభ సమావేశమైనది” అని ప్రారంభించారు. జనకుడు ఏసీ కింద చల్లటి గచ్చు వెతుక్కుని చతికిలబడ్డాడు.

కార్యదర్శి సుదర్శనంగారు. రిటైర్డు సబ్‌రిజిస్ట్రారు. బి బ్లాకులో ఒంటరిగా ఉంటారు. కుక్కలంటే ఆయనకు పడదని అందరికీ తెలుసు. లిఫ్టులో రాలిన బొచ్చు గురించి, పార్కులో గుంటల గురించి సర్క్యులర్లు పంపేది ఆయనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తన బల్ల ముందు నిలబడిన ప్రతి మనిషినీ ఆయన ఒక్కటే ప్రశ్న అడిగేవారు. జవాబు ఎప్పుడూ ఒక్కటే కాబట్టి అది వినేవారు కాదు, ముద్ర వేసేవారు. ఇప్పుడు కళ్లజోడు సవరించుకుని జనకుణ్ణి అదే ప్రశ్న అడిగారు: “ఎవరి ఒత్తిడీ లేకుండా, మనఃస్ఫూర్తిగా ఇస్తున్నారా?”

జనకుడు ఆవులించాడు. సుదర్శనంగారు చలించిపోయారు. ఆ ప్రశ్నకు వెంటనే అవునననివారు ఆయన సర్వీసులోనే తగల్లేదట.

ముందు గుర్తింపు సంగతి తేలాలన్నారు. హాజరైన కుక్క దరఖాస్తులో పేర్కొన్న కుక్కేనా? టీకాల పుస్తకం చూపించాం. అందులో జానీ అని ఉంది, దరఖాస్తులో జనకుడని ఉంది. ఇద్దరూ ఒకరేనని ధ్రువపరచడానికి ఇద్దరు సాక్షులు కావలసి వచ్చారు. సాక్షుల్లో ఒకాయన, నలుపు రంగు వరకు తాను పూచీ పడగలనని, పేరు విషయం దేవుడికే ఎరుకని వాంగ్మూలమిచ్చాడు.

తరువాత తోక ప్రశ్న వచ్చింది. బెల్లాన్ని గేటు నుంచి తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టగానే జనకుడు లేచి, తోకతో సహా వెనక సగభాగమంతా ఊపాడు. హైమవతి అదిగో చూడండన్నది. గుణాకరరావుగారు దాన్ని సాధారణ సుహృద్భావ ప్రకటనగా మాత్రమే స్వీకరించగలమని, నిర్దిష్ట అంశంపై స్పష్టమైన అంగీకారంగా పరిగణించలేమని తోసిపుచ్చారు. పైగా శునకం ఇదే తోకను ఇంతకు మునుపు పాలప్యాకెట్టును చూసి కూడా ఊపినట్టు సభ్యులొకరు రికార్డుకెక్కించారు.

అప్పుడు ఎ బ్లాకు ప్రణవి ముందుకు వచ్చింది. చురుకైన అమ్మాయి. జంతువులతో మనసు ద్వారా మాట్లాడే విద్యలో ఆన్‌లైన్‌లో వారాంతపు కోర్సు చేసి సర్టిఫికెట్టు కూడా పొందింది. జనకుడి నుదుటి మీద అరచెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని, చాలాసేపటి తరువాత దుఃఖంగా తెరిచింది. “అంకుల్, మీరేమీ అనుకోవద్దు. ఇంట్లో మాటలు ఎక్కువైపోతున్నాయంటున్నాడు.”

ఎవరి మాటలని అధ్యక్షులు అడగలేదు. సభ మొత్తం నావైపు తిరిగింది. హైమవతి ఆ విద్యను అంతవరకు నమ్మలేదు. అప్పటినుంచి కొద్దిగా నమ్ముతుంది.

చివరికి పాదముద్ర తీసుకోవాలని నిశ్చయమైంది. మనుషులకైతే ఎడమ బొటనవేలు. కుక్కకు ఏ కాలన్నది శాస్త్రంలో లేదు. దూరదృష్టి గల అధ్యక్షులు నాలుగూ తీసుకొమ్మన్నారు. స్టాంపుప్యాడ్ మీద నిలబెట్టిన జనకుడు మరుక్షణం దిగి, తీర్మానాల మీదుగా, అజెండా మీదుగా, అధ్యక్షుల తెల్ల ప్యాంటు మీదుగా బెల్లం దగ్గరికి నడిచాడు. హాలు నిండా సమ్మతి పరుచుకుంది. అయినా చెల్లలేదు. పత్రం చదివి వినిపించకుండా ముద్ర తీసుకోవడం చట్టవిరుద్ధమని సుదర్శనంగారు పట్టుబట్టారు. నా నిబంధనను జనకుడికి చదివి వినిపించాను. “ఆ తెలుగు మాకే అర్థం కాలేదు, సంతకాలు పెట్టేశాం. పాపం కుక్కేం చేస్తుంది?” అని వెనక వరసలో ఎవరో అన్నారు. సంపూర్ణావగాహన లోపించినట్టు నమోదు చేసి సభ వాయిదా వేశారు.

అంతటితో కాగితం అటకెక్కుతుందనుకున్నాను. మర్నాడే సుదర్శనంగారు మౌలికమైన ఆక్షేపణతో వచ్చారు. ఈ కుక్క ఎవరి ఇంట్లో తింటోంది? దరఖాస్తుదారుడి ఇంట్లో. ఎవరి చేతి అన్నం? దరఖాస్తుదారుడి భార్య చేతి అన్నం. కొడుకు పంచన ఉన్న తల్లి పెట్టిన సంతకాలు తాను ఎన్ని చూడలేదు? తిండి పెట్టే చెయ్యి ఎదురుగా ఉంటే స్వేచ్ఛ ఎక్కడిది? కనుక నిర్ణయం వెలువడేవరకు ప్రథమ శునకాన్ని తటస్థ సంరక్షణలో ఉంచాలి. గుణాకరరావుగారు పరవశించి, కుక్కల పట్ల ఏ విధమైన అనురాగమూ లేని వ్యక్తి ఈ ప్రాంగణంలో ఎవరున్నారని విచారించారు. సుదర్శనంగారి కంటె తటస్థుడు దొరకలేదు. ఆయన ముఖం వెలవెలబోయింది. కాని తన వాదనకు తానే జామీను కాక తప్పలేదు.

వీడ్కోలు వేళ జనకుణ్ణి ఉద్దేశించి నాలుగు మాటలు మాట్లాడాను. స్వేచ్ఛకు మూల్యం వియోగమని, చరిత్రలో మహాపురుషులెందరో ఇట్లాగే ఇల్లు విడిచారని చెబుతుండగా లిఫ్టు వచ్చింది. వాడు ఎక్కాడు. తలుపు మూసుకునేలోగా ఒకసారి నావైపు చూస్తాడేమోనని నిలబడ్డాను. లిఫ్టులో ఎవరో ఉల్లిపాయలు పారబోసుకున్నట్టున్నారు. వాడు అటు తిరిగాడు.

ఆ తరువాత మమ్మల్ని వాడి దరిదాపులకు రానివ్వలేదు. ఎన్నికల నియమావళి వంటిదట. బెల్లానికి ఈ నియమావళి ఎవరూ చదివి వినిపించలేదు కాబట్టి అది బి బ్లాకు బాల్కనీ కింద కూర్చుని పైకి చూసేది. జనకుడు కటకటాల సందులో మూతి దూర్చి కిందికి చూసేవాడు. ఇది ప్రథమ శునకాన్ని ప్రలోభపెట్టే బహిరంగ ప్రచారమని ఫిర్యాదు వచ్చింది. బెల్లం మళ్లీ ఇస్త్రీబండి కిందికి బహిష్కృతురాలైంది. ఆదివారం దగ్గరపడుతోంది. హైమవతి నాతో మాట్లాడడం మానేసి, రోజూ గేటు దగ్గరికి అన్నం పట్టుకెళ్లేది. నేను బాల్కనీలోంచి చూసేవాణ్ణి. అవునని ఒక్క మాట ముందే అని ఉంటే జనకుడూ బెల్లమూ సోఫా మీద ఉండేవారు. ఈ విషయంలో ప్రతిపక్షం ఎంత వెతికినా దొరకలేదు.

విచారణ తేదీ ఖరారు కాలేదు. అడిగిన ప్రతిసారీ కుక్క అభిప్రాయం ఇంకా రూపుదిద్దుకుంటున్నదని కార్యదర్శి నుంచి సమాధానం వచ్చేది. ఉండబట్టలేక శుక్రవారం పొద్దున నియమావళిని ధిక్కరించి బి బ్లాకుకు వెళ్లాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. సుదర్శనంగారు పడకకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. బిగ్గరగా. ఒక ఆస్తి తగాదా వార్త పూర్తిగా చదివి, ఇందులో తమ్ముడిదే తప్పని, ఎందుకంటే దస్తావేజులో సరిహద్దులు సరిగ్గా రాయించుకోలేదని వివరిస్తున్నారు. ఎదురుగా కొత్త పరుపు మీద జనకుడు తల పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకుని వింటున్నాడు. నా ఉపన్యాసాల్లో ఒక్కదానికీ వాడు మేలుకుని ఉండలేదు.

ఆయన నన్ను చూసి పేపరు మడిచారు. దొంగతనం పట్టుబడ్డ మనిషిలా కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. “పెరుగన్నంలో దోసకాయ ముక్కలు వేస్తే ఆయన ఇష్టంగా తింటారని మీరు చెప్పనేలేదు” అన్నారు.

ఆయన అన్నది కుక్కనని గ్రహించడానికి నాకు కొంత వ్యవధి పట్టింది. మరి విచారణ ఎప్పుడండీ అన్నాను. తొందరపెట్టరాదని, ఒత్తిడిలో ఇచ్చిన సమ్మతి చెల్లదని నేల చూస్తూ చెప్పారు. గదిలో ఒక పక్కన గుడ్డతో కుట్టిన బంతి కనబడింది. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఆయనే కుట్టినట్టుంది. నేను రాసిన ఒక్క వాక్యం, కుక్కలంటే గిట్టని మనిషికి కుక్కనిచ్చి, కుక్క కావాలన్న మనిషి దగ్గర ఉన్న కుక్కను కూడా తీసుకుపోయిందన్నమాట. నా రచనల్లో ఏదీ ఇంతటి ప్రభావం చూపలేదు.

శనివారం సాయంత్రం అత్యవసర విచారణ పెట్టించింది హైమవతి. అధ్యక్షుల ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని సాధించింది. సభ మొదలుకాగానే సుదర్శనంగారు జనకుడి గొలుసు రెండు చేతులా పట్టుకుని లేచి, ప్రథమ శునకం ఇంకా ఆలోచనలో ఉన్నందున గడువు పొడిగించాలని కోరారు. గుణాకరరావుగారు సమ్మతి అనేది ఒక నిరంతర ప్రక్రియ అని, దాన్ని కాలపరిమితులతో కుదించడం సదస్సు స్ఫూర్తికే విరుద్ధమని, కనుక తనిఖీ అనంతరం సావకాశంగా పరిశీలిద్దామని సెలవిచ్చారు. తనిఖీ అనంతరం పరిశీలించడానికి రెండవ శునకం మిగలదన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. వచ్చినా అది అజెండాలో లేదు.

హైమవతి లేచింది. “అధ్యక్షులవారూ, ఒక చిన్న సందేహం. ఇవాళ మా ఫ్లాటులో ఎన్ని కుక్కలున్నాయి?”

గుణాకరరావుగారు కార్యదర్శితో గుసగుసలాడి, రికార్డుల ప్రకారం ప్రస్తుతం ఏమీ లేవని ప్రకటించారు.

“అయితే నేనిప్పుడు ఇంటికి తీసుకెళ్లేది ఎన్నో కుక్క?”

 అధ్యక్షులు వేలు ముడిచి లెక్కపెట్టుకున్నారు. మరొకరు రెండు చేతులూ వాడారు. చిట్టచివరికి అందరూ శాసనకర్త వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకుని, ఇందులో రెండు పక్షాలున్నాయనీ, ప్రథమత్వమన్నది కాలాన్ని బట్టి నిర్ణయించాలా, స్థానాన్ని బట్టి నిర్ణయించాలా అన్నది విచార్యమనీ ఆరంభించాను. వాక్యం ముగిసి చూసేసరికి హైమవతి హాలులో లేదు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర వంగి, ఇస్త్రీబండి కిందికి చెయ్యి చాపుతోంది.

సభ చేయగలిగినదల్లా జరిగినదాన్ని ఆమోదించడం. మా ఫ్లాటుకు బెల్లం ప్రథమ శునకమని రాసుకున్నారు. అప్పుడు సుదర్శనంగారు నిలబడ్డారు. ఆయన గొంతులో అంతకుముందెన్నడూ లేని స్థైర్యం. ఈ పరిస్థితిలో జనకుడు ఆ ఇంటికి తిరిగి వెళ్లడమంటే రెండవ శునకంగా ప్రవేశించడమేనని, దానికి ఇప్పటి ప్రథమ శునకమైన బెల్లం సమ్మతి నిరూపించాలని, అంతవరకు యథాస్థితి కొనసాగక తప్పదని నా వాక్యాన్ని కంఠస్థంగా అప్పజెప్పి మరీ చెప్పారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంత శ్రద్ధగా నన్ను చదివిన పాఠకుడు నాకు జీవితంలో ఆయనొక్కడే.

ఇంటికి వెళ్లాక ఈ పరిణామం నీకు ముందే తోచిందా అని హైమవతిని అడిగాను. బెల్లం ఒళ్లు తుడుస్తూ తలెత్తకుండానే చెప్పింది. “తోచకేం? జానీకి కింద పరుపుంది, పైన ఫ్యానుంది. దీనికి రేపు పొద్దున బండి ఉంది. మీరు ఎటూ చెప్పరు. నేనేం చేయను?” తువ్వాలుతో తన కళ్లు కూడా తుడుచుకుని, మళ్లీ కుక్కను తుడిచింది.

ఆదివారం బండి వచ్చి ఖాళీగా వెళ్లింది. తనిఖీ బృందం కూడా వచ్చింది. బహుమతి మాకే దక్కింది. జంతువుల అభిప్రాయానికి సైతం విలువనిచ్చే ఏకైక ప్రాంగణమన్నారు. నిబంధన ఎంత పటిష్ఠంగా అమలైందంటే, నాటినుంచి నేటివరకు ఒక్క ఇంట్లోకీ రెండవ శునకం ప్రవేశించే అవసరమే తలెత్తలేదని గుణాకరరావుగారు సగర్వంగా ప్రసంగించారు. నాకు రెండో శాలువా కప్పారు. ఇది ఉన్నిదే.

అటు తరువాత జనకుణ్ణి సాయంత్రాల్లో పార్కులో చూసేవాణ్ణి. వాడు బెల్లంతో పచ్చిక మీద దొర్లి, పోతూ పోతూ నా చెయ్యి ఒకసారి వాసన చూసేవాడు. పూర్వాశ్రమంలో పరిచయమున్న ఎవరినైనా పెద్దమనిషి చూసే చూపు. బెల్లం సమ్మతి కోసం దరఖాస్తు పెడదామా వద్దా అని రోజూ తర్కించుకునేవాణ్ణి. పెడితే సుదర్శనంగారు ఆ ఇంట్లో మళ్లీ ఒక్కరే పేపరు చదువుకోవాలి. పెట్టకపోతే హైమవతి రోజూ పొరపాటున రెండు గిన్నెల్లో అన్నం కలపడం మానదు. మధ్యలో నా కుర్చీ ఎప్పటిలాగే ఉంది. కాని దానిలో ఇదివరకటి సుఖం లేదు.

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం కాలింగ్‌బెల్ మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో సుదర్శనంగారు. ఒక చేతిలో జనకుడి గొలుసు, చంకలో చుట్టిన పరుపు, భుజాన ప్రయాణపు సంచి. శ్రీకాకుళంలో మేనకోడలి పెళ్లట. అక్కడ కుక్కల్ని రానివ్వరట. ఆయన వరండా చివరనున్న కెమెరా వైపు చూశారు, తరువాత నా వైపు.

“తాత్కాలిక ప్రవేశం కూడా ప్రవేశమేనండీ, మీ వాక్యం ప్రకారం. కార్యదర్శిగా నేను అడగకూడదు. అయినా అడుగుతున్నాను. మీ బెల్లం ఒప్పుకుందా?”

బెల్లం లోపల సోఫా మీద వెల్లకిలా పడుకుని గాఢనిద్రలో ఉంది. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. హైమవతి వింటోంది. నా నాలుక కొనమీద ఇరుపక్షాలూ, తాత్కాలికత్వానికి సంబంధించిన సూక్ష్మమైన భేదమూ సిద్ధంగా నిలబడి ఉన్నాయి.

“అడిగానండీ” అన్నాను. “మనఃస్ఫూర్తిగా ఒప్పుకుంది. లోపలికి రండి.”

ఆయన రుజువు అడగలేదు. గొలుసు వదిలారు. జనకుడు మా ఇద్దరి మోకాళ్ల మధ్యనుంచి దూరి తన పాత మూలకు వెళ్లిపోయాడు. సుదర్శనంగారు పరుపు దించి, కొంతసేపు తటపటాయించి, చెప్పులు విడిచి తనూ వచ్చి కూర్చున్నారు. బస్సుకు ఇంకా టైముందన్నారు.